వంతెన కింది రేడియో

అన్నయ్య చనిపోయిన వానాకాలం దాటి వేసవి వచ్చింది. నగరపాలక కార్యాలయంలో ఆమెకు కొత్త పని అప్పగించారు. రైలు వంతెనల కింద రోడ్డు పల్లంలోకి దిగే చోటల్లా నీటిమట్టం కొలిచే పరికరాలు పెట్టాలి. ఆ కొలతను తీగల్లేకుండా ఊరి మధ్య వాటర్ ట్యాంకు మీదున్న రిసీవరుకు చేర్చాలి. నీళ్లు పెరిగితే అక్కడ రోడ్డుకడ్డంగా గేటు దిగాలి. అందుకు ఏ రేడియో కొనాలో తేల్చాల్సింది ఆమె.

ఆమె రేడియో ఇంజనీరు. ఆఫీసులో అందరూ ‘సిగ్నలమ్మ’ అంటారు. డెలివరీ వ్యాను నడిపే వాళ్లన్నయ్య అలాంటి అండర్‌పాస్‌లోనే, నీళ్ల లోతు తెలియక బండి దింపాడు.

పెద్దింజనీరుకు ఆ సంగతి గుర్తొచ్చేసరికే ఫైలు ఆమె చేతికి వెళ్లిపోయింది.

“కావాలంటే ఇంకెవరికైనా ఇస్తానమ్మా,” అన్నాడు తలెత్తకుండా.

“పర్లేదు సార్. నేనే చూస్తా.”

నిజంగానే పర్లేదనిపించింది. అదే ఆమెకు వింత. అన్నయ్యను తీసుకెళ్లిన రోజు నుంచి కంట్లో చుక్క తడి లేదు. వేళకు లేస్తోంది, బస్సెక్కుతోంది, ఎవరైనా నవ్విస్తే నవ్వుతోంది. పంటి డాక్టరు సూది వేశాక దవడ మనది కానట్టుంటుందే, ఒళ్లంతా అలా ఉంది.

బల్ల మీద మూడు రేడియోలు పెట్టారు. మొదటిది వీడియోలు కూడా గబగబా పంపగలదు. రెండోది సెల్‌ఫోన్ టవరు మీద ఆధారపడేది. మూడోది అగ్గిపెట్టెంత. ఒకసారికి నాలుగంకెలు పంపడానికే నానా తంటాలూ పడుతుంది. పెద్దింజనీరు మనసు మొదటిదాని మీద ఉంది. నీళ్లను కెమెరాలోనే చూసుకోవచ్చు కదా అని.

ఆమె వాటిని జీపులో వేసుకుని లైన్‌మన్‌తో కలిసి ఊరంతా తిరిగింది. ఆటస్థలంలో మూడూ బాగానే పలికాయి. మేడల మధ్యకు రాగానే మొదటిది రెండు వీధులు దాటలేక చతికిలబడింది. సెల్‌ఫోనుది వెళ్లింది గానీ, గాలివాన వస్తే ముందు కరెంటు పోతుంది, దాని వెనకే టవర్లూ పడుకుంటాయి. అవసరమయ్యేదేమో గాలివానలోనే.

“ఈ నత్తగుల్ల వెళ్తుందంటారా మేడమ్?” అన్నాడు లైన్‌మన్, చిన్నదాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ.

“గబగబా మాట్లాడితే హోరులో పక్కవాడికే అర్థం కాదు. ఒక్కో అక్షరం సాగదీసి చెబితే దూరానికీ తెలుస్తుంది. ఇది సాగదీసే రకం.”

“మా అత్తగారూ అంతే మేడమ్. సాగదీసి పిలిచిందంటే ఏ సందులో దాక్కున్నా వినబడాల్సిందే.”

ఆమె నవ్వింది. నవ్వు ముఖం దగ్గరే ఆగిపోయింది.

చివరికి అన్నయ్య బండి దింపిన అండర్‌పాస్‌కు వచ్చారు. గోడ మీద నీటి చార తలకన్నా పైనుంది. ఆమె ఆ చార పక్కనే నిచ్చెన వేయించింది. కాంక్రీటు కప్పు కింద చిన్న రేడియో కూడా చెవిటివాడి ముందు శంఖమే అయింది. యాంటెనాను బయటికి లాగి, పక్కనున్న దీపస్తంభానికి ఎత్తుగా కట్టించాక అంకెలు రావడం మొదలైంది. పైన రైలు వెళ్తుంటే కాసేపు తెగిపోయి, మళ్లీ అందుకుంది. ఆమె తీగను ఇంకాస్త బిగించమని చెప్పి, జీపెక్కింది. అక్కడ కూడా ఏమీ అనిపించలేదు.

సమావేశంలో చిన్న రేడియోకే అందరూ సరేనన్నారు. ఒక్కచోటే చిక్కొచ్చింది. దాని నుంచి కబురు రాకపోతే ఏం చేయాలి?

“రాలేదంటే నీళ్లు లేనట్టే కదమ్మా,” అన్నాడు పెద్దింజనీరు. “ఊరికే గేటు దించితే జనం మనల్ని ఉతికి ఆరేస్తారు.”

“లేదు సార్. వరసగా కబురు రాకపోతే గేటు దించాలి.”

“నీళ్లు లేకపోయినా?”

“ఆ రోజు మా అన్నయ్య ఫోన్ తీయలేదు సార్. బండి నడుపుతున్నాడేమోలే అనుకున్నాం. వదిన వంట చేసుకుంది. నేను బట్టలు మడతపెట్టుకున్నాను. మాట రాలేదంటే బాగున్నట్టే అనుకున్నాం.”

టెండరు నిబంధన చదివినట్టే చెప్పింది. పెద్దింజనీరు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

“అలాగే రాయండమ్మా.”

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం, ఆమె ఇంటికి వెళ్తున్న బస్సు ఆ అండర్‌పాస్ ముందు ఆగిపోయింది. గేటు దిగి ఉంది. లోపల నీళ్లింకా చీలమండల దాకా కూడా లేవు. రేడియో నుంచి కబురు ఆగిపోయి ఉంటుంది, అనుకుంది ఆమె.

“పిల్లలు కాగితప్పడవలు వేసుకునే నీళ్లకి గేటొకటి!” అని బళ్ల మీద ఉన్నవాళ్లెవరో ఆఫీసు వాళ్లందరినీ కలిపి దులిపేశారు. ఆమె కిటికీ పక్కన కూర్చుని విన్నది. కాసేపటికి పైరోడ్డు నీళ్లన్నీ ఒక్కసారిగా పల్లంలోకి దూకాయి. తిట్టినవాళ్లే బళ్లు వెనక్కి తిప్పుకున్నారు. ఆమె బస్సు దిగి, చుట్టుదారిన తడుస్తూ ఇల్లు చేరింది.

“చిన్నీ, తలంతా నానిపోయింది. ముందు తుడుచుకో,” అని వదిన తువ్వాలు అందించింది. గుమ్మం తలుపు మూస్తూ, “ఆ దారి మూశారటగా,” అంది.

“ఊఁ. మూసుకుంది.”

“అప్పుడే ఉండుంటే...”

“ఆగేవాడు వదినా. తిట్టుకుంటూ ఆగేవాడు.”

“బాగా తిట్టేవాడు,” అంది వదిన. “నిన్ను కూడా కలిపి.”

ఆమె తువ్వాల్లో ముఖం పెట్టుకుని, ఇప్పుడైనా ఏడుపొస్తుందేమోనని చూసింది. రాలేదు. కడుపు మాత్రం కరకరలాడింది. ఇన్నాళ్లూ వేళయిందని తిన్నదే గానీ, ఆకలేసి తినలేదు.

“తినడానికేమైనా ఉందా వదినా?”

వదిన ఆమె వైపు ఒక్క చూపు చూసి, పొయ్యి వెలిగించింది.