మా సోషల్ టీచర్ బోర్డు మీద రాసిన రెండు మాటలు

మొన్న మంగళవారం పొద్దున మా సోషల్ టీచర్ సూర్యాపేట దవాఖానలో కన్నుమూశారు. ఫోన్ వచ్చేసరికి నేను కోదాడలో మా బడికి బయలుదేరుతున్నాను. నేనూ సోషల్ టీచర్నే. అందుకు కారణం ఆమే.

మా ఊరు మోతె బడిలో, తొమ్మిదో తరగతిలో మాకు పారిశ్రామిక విప్లవం పాఠం చెప్పారు. ఇంగ్లండులో మిల్లులు రావడం, పని పోయిన నేతగాళ్లు యంత్రాలు పగలగొట్టడం అంతా చెప్పి, పుస్తకం మూసి అడిగారు. "మీ ఇండ్లల్ల మిషిన్ వచ్చి ఎవలిదన్న పని పోయిందా?"

మా నాన్న మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ. బస్తాలు మోసే బెల్టు పెట్టాక సగం మందిని రావద్దన్నారు. "మా నాయినది పోయింది టీచర్" అన్నాను. వెనక బెంచీలో ఒకడు నవ్వాడు. టీచర్ నా వైపు తిరిగారు.

"రేపు మీ నాయినను తోలుకరా. మిగిలిన పాఠం ఆయన చెప్తడు" అన్నారు.

నాన్న ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు. మిల్లు సంగతులు చెప్తుంటే, ఆ నవ్వినవాడే అడిగాడు. "మరి మీరు మిషిన్ పలగ్గొట్టలేదా?"

"మిషినేం జేసింది బిడ్డా. బరువు తప్పినందుకు నడుముకు సుఖమే. బువ్వ పోయినందుకే బాధ."

టీచర్ బోర్డు మీద 'బరువు', 'బువ్వ' అని రాశారు. "ఏ మిషిన్ వచ్చినా ఈ రెండు అడగాలె. ఎవరి బరువు దిగింది, ఎవరి బువ్వ పోయింది."

గేటు దగ్గర నాన్న, నన్ను బడి మాన్పించి పత్తి ఏరడానికి పంపుతానన్నాడు. "అన్నా, గింత మంచిగ పాఠం చెప్పినవ్. నీ బిడ్డే సగంల ఇడిసిపెడితే ఎట్ల?" అన్నారామె. మాటతో వదల్లేదు. మర్నాడు సెలవు పెట్టి, నాన్నను వెంటబెట్టుకుని సూర్యాపేట మార్కెట్‌కు వెళ్లి, తన పాత విద్యార్థి దుకాణంలో బస్తాలు తూచే కాంటా పని ఇప్పించారు. నా చదువు సాగింది.

బస్సులో పక్కన ఎవరు కూర్చున్నా, "ఇంతకుముందు ఏం పని జేసేటోళ్లు?" అని అడగడం ఆమె అలవాటు. మగ్గం మానేసినవాళ్లు, గొర్లు అమ్మి ఆటో కొన్నవాళ్లు ఎంతమందో. తెల్లారి ఆ కథలే మాకు పాఠం. "తారీఖులు మర్సినా ఏం కాదు, మనుషులను మర్వొద్దు" అనేవారు.

ఆమె అంతిమయాత్ర మోతె దగ్గర ఖమ్మం రోడ్డు దాటాలి. బండ్లు ఆగడం లేదు. అంతలో ఒక సిమెంటు లారీ రోడ్డుకు అడ్డంగా వచ్చి ఆగింది. డ్రైవరు ఇంజన్ ఆపి, కిందికి దిగి, తలకు చుట్టుకున్న తువాలు తీసి చేత పట్టుకున్నాడు. అతనెవరో మాలో ఎవరికీ తెలియదు. రెండు వైపులా బస్సులు, ఆటోలు వరసగా నిలిచిపోయాయి. ఆమెను అవతలికి దాటించేదాకా ఒక్కరూ హారన్ కొట్టలేదు.