పన్నెండడుగుల కాలువ

“తినేదానికి పనికిరాని తోట యాలప్పా నీకు?” అని బావమరిది ఒకసారి సుందరాన్ని మొగం మీదే అడిగాడు. సుందరం అప్పటికే మట్టి పిసుకుతున్నాడు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఎగ్జిబిషన్‌లో తోటల పోటీకి ఆయన పన్నెండడుగుల జాగాలో కర్నూలు నుంచి కడప దాకా పారే కాలువనే దించాడు. ఎగువన సుంకేసుల ఆనకట్టగా ఒక నీళ్లతొట్టి, అక్కణ్ణుంచి బెత్తెడు వెడల్పు కాలువ, దాని వెంట నంద్యాల పొలాలుగా రాగిమొలకల మళ్లు, చిట్టచివర కడప. ఆయన కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లేరు. మూడడుగులు వేసి గొంతుక్కూర్చుంటాడు, వేలితో మట్టి పొడిచి చూస్తాడు, మళ్లీ లేచి తొట్టి దగ్గరికి పరుగెత్తుతాడు. నాలుగింటికి జడ్జీలు వస్తారు. కడప మడికి ఇంకా తడి అందలేదు.

మూడున్నరకు ఆ మడి ముందు ఒక కడప రైతు ఆగాడు. “బొమ్మలో గూడా మాకు నీళ్లు రాల్యా?” అంటూ వంగి పైమళ్ల తూములన్నీ మట్టితో మూసేశాడు. “అయితే మా నంద్యాల ఎండాల్నా?” అని పక్కనున్న ఇంకో రైతు ఆ మట్టి పీకేశాడు. ఆ పెనుగులాటలో గట్టు తెగింది. సుందరం తిట్టలేదు. “కొట్లాట తర్వాత, ముందు గట్టెయ్యండప్పా!” అని చెరొక మట్టిముద్ద చేతిలో పెట్టాడు. జడ్జీలు వచ్చేసరికి ముగ్గురూ మోకాళ్ల మీదున్నారు, దూరం నుంచి చూస్తే ప్రార్థనలాగే ఉంది. నీళ్లు కడప మడిలోకి దిగుతున్నాయి. యాభై రూపాయల మొదటి బహుమతి సుందరానికే ప్రకటించారు. ఆ యాభై రూపాయలు ఎగ్జిబిషన్ కమిటీ ఇంకా ఇవ్వలేదు.