హైమా దాటాక

ఖల్ఫాన్ ఏటా ఎండాకాలం సెలవుల్లో భార్య జువైనానూ పిల్లల్నీ కారెక్కించుకుని ఒమాన్‌లోని నిజ్వా నుంచి, ఆ నెలల్లోనే వానలు పడే సలాలా చినుకుల్లో తడవడానికి వెళ్తాడు. తొమ్మిది వందల కిలోమీటర్ల ఎడారిని ఎక్కడా నడుం వాల్చకుండా దాటడం ఆయనకు గొప్ప. నిద్ర ముంచుకొస్తే టోపీ తడిపి పెట్టుకుంటాడు, చెవి తమ్మె నులుముకుంటాడు, ఏలకుల కాఫీ గుక్కెడు తాగుతాడు. “నేను నడుపుతుంటే మా జువైనా సలాలా దాకా కళ్లే తెరవదు” అని బావమరుదుల దగ్గర చెప్పుకుంటాడు.

ఈసారి హైమా ఊరు దాటాక, మిట్టమధ్యాహ్నం, చక్రాల కింద గులకరాళ్ల చప్పుడుకు ఆయనకు మెలకువ వచ్చింది. కారు రోడ్డంచు దిగింది. స్టీరింగ్ మీద అప్పటికే భార్య చెయ్యి ఉంది. వెనక పెద్దవాడు సయీద్‌తో సహా ముగ్గురు పిల్లలూ ఒకరిమీదొకరు ఒరిగి నిద్రపోతున్నారు. కారు ఆపి, “నువ్వు నిద్రపోలేదా?” అన్నాడు.

“ఈ దారిలో నేనెప్పుడు నిద్రపోయాను, సయీద్ నాన్నా? కాపలా కాస్తున్నానని తెలిస్తే చిన్నబుచ్చుకుంటారని కళ్లు మూసుకునేదాన్ని.”

ఆయన తల దించుకున్నాడు. అంతలో సలాలా నుంచి బావమరిది ఫోను.

“ఏం బావా, ఈసారి ఎన్ని గంటలు?”

“ఇవాళ రాం. దారిలోనే పడుకుంటాం.”

“కారు మొరాయించిందా?”

ఔననడం తేలిక. ఖల్ఫాన్ అద్దంలో పిల్లల్ని చూశాడు.

“కారు బాగానే ఉందిరా. నడుపుతూ నేనే నిద్రపోయాను.”