వాసన పోయిన వంటమాస్టరు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో నేను మదనపల్లెలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో చేరాను. ప్రభుత్వ సర్వీసు నుంచి బయటికి వచ్చాక అదే నా చివరి ఉద్యోగం. హోదా కన్సల్టెంటు, విభాగం పునరావాస వైద్యం. ఆ పేరు చెబితే చాలామంది వరద బాధితుల గురించి అనుకుంటారు. మా పని వేరు. రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన మనిషి ప్రాణం నిలబెట్టేది న్యూరోసర్జన్. ప్రాణం నిలబడ్డాక ఆ మనిషి మళ్లీ నడవడం, మాట్లాడడం, తన పని తాను చేసుకోవడం ఎంతవరకు సాధ్యమో అంచనా వేసి, ఆ చికిత్స నడిపించేది మేము. నాతోపాటు ఒక ఫిజియోథెరపిస్టు, ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉండేవారు. రోగి చేతికి రోజువారీ పనులు మళ్లీ అలవాటు చేయించడం ఆక్యుపేషనల్ థెరపిస్టు బాధ్యత. ఆమె పేరు మేరీ. ఆ పనిలో నాకంటే అనుభవం తక్కువేమీ కాదు. సైకాలజిస్టు మాత్రం వారానికోసారి తిరుపతి నుంచి వచ్చేవారు.

గురువారాలు పుంగనూరులో ఓపీ చూసేదాన్ని. నెలకొకసారి కుప్పంలో క్యాంపు. టమాటా లోడు దింపి నిద్రకళ్లతో బండి నడిపేవాళ్లు, బెంగళూరులో వారమంతా పనిచేసి శనివారం బైకుల మీద ఇళ్లకు వచ్చేవాళ్లు, హెల్మెట్టును పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకుని వెళ్లేవాళ్లు ఉన్నంతకాలం ఆ ప్రాంతంలో మాకు పని తక్కువ కాదు.

ఒక గురువారం లక్ష్మీదేవి అనే ఆమె భర్తను వెంటబెట్టుకుని పుంగనూరు ఓపీకి వచ్చింది. భర్త పేరు రమణప్ప. నలభై దాటిన మనిషి, పెళ్లిళ్లకు వంటమాస్టరు. పలమనేరు నుంచి వి.కోట దాకా పెద్ద పెళ్లి ఏది కుదిరినా ముందు ఆయన ఖాళీ ఎప్పుడో కనుక్కునేవారట. ఆరు నెలల కిందట బైరెడ్డిపల్లె నుంచి వస్తూ స్పీడు బ్రేకరు చూసుకోక బండి మీంచి పడ్డాడు. నుదురు రోడ్డుకు కొట్టుకుంది. బెంగళూరులో ఆసుపత్రిలో పెట్టారు. ఆపరేషన్ అవసరం పడలేదు. డిశ్చార్జి చేసేటప్పుడు ‘గుడ్ రికవరీ’ అని రాసి పంపారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. మనిషి నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, పేరూ ఊరూ చెబుతున్నాడు. సర్జన్ లెక్కలో అది మంచి ఫలితమే.

లక్ష్మీదేవి భర్తను బయట బెంచీ మీద కూర్చోబెట్టి ఒక్కతే లోపలికి వచ్చింది.

“మనిషి ఇంటికొచ్చినాడు డాక్టరమ్మా, మా ఆయప్ప మాత్రం రాలే,” అంది. “పెట్టింది తింటాడు. ఎవురన్నా పలకరిస్తే పలుకుతాడు. లెయ్యప్పా అని సెప్తే గానీ కుర్చీలోంచి లెయ్యడు. ముందు నూరుమందిని అదిలించి పని చేయించినోడమ్మా.”

బంధువులు ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారట. దిష్టి అని ఒకరు, చాటుగా తాగుతున్నాడని ఒకరు. దెబ్బ సాకుతో కూర్చుని తినడం మరిగాడని ఆమె సొంత తమ్ముడే అన్నాడట. ఆమె అంతవరకు ఓర్చుకుంది. కానీ ఆ వారం జరిగింది వేరు. బజారుకు వెళ్లి వచ్చేసరికి స్టవ్ మీద పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు వస్తూనే ఉంది, వీధి గుమ్మం దాకా వాసన. రమణప్ప ఆ స్టవ్ పక్కనే పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయన్ను ఏమీ అడగకుండానే గ్యాసు కట్టేసి తలుపులు తెరిచిందట.

ఆమె గొంతు తగ్గించింది. “సచ్చిపోవాలనే కూసున్నాడేమో అమ్మా. అడగాలంటే నాకు భయమేస్తాండాది.”

నేను ఆయన్ను లోపలికి పిలిచాను. తేదీ, వారం, ఊరు అన్నీ సరిగ్గా చెప్పాడు. నూరు నుంచి ఏడేసి తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమంటే తడుముకోలేదు. చేతుల్లో, కాళ్లలో బలం మామూలుగానే ఉంది. అయితే అడిగిన దానికి జవాబు చెప్పి ఊరుకోవడమే తప్ప తనంతట తాను ఒక్క మాట ఎత్తలేదు. తలదెబ్బ కేసుల్లో, ఓపీ హడావుడిలో తరచు వదిలేసే పరీక్ష ఒకటుంది, వాసన పరీక్ష. కాఫీపొడి, లవంగం, సబ్బు నా బ్యాగులో చిన్న సీసాల్లో ఉంటాయి. కళ్లు మూయించి, ఒక ముక్కురంధ్రం నొక్కిపట్టి, రెండోదాని దగ్గర సీసా పెట్టాలి. కాఫీపొడి పెట్టాను. “ఏం తెలీలేదమ్మా,” అన్నాడు. లవంగం. తల అడ్డంగా ఊపాడు. సబ్బూ అంతే. ఆఖరున అమోనియా పెట్టాను. ఆయన తల వెనక్కి లాక్కున్నాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి. అమోనియా ఘాటు మాత్రం వాసన నరంతో పనిలేకుండా వేరే నరం ద్వారా తెలుస్తుంది. వాసన రావడం లేదని నటించేవాళ్లకు ఆ సంగతి తెలియదు, అది కూడా తెలియలేదనే చెబుతారు. రమణప్ప నటించడం లేదు.

ఎప్పటి నుంచి అని అడిగాను.

“ఆస్పత్రిలో కళ్లు తెరిసినప్పటి నుంచేనమ్మా,” అన్నాడు. అప్పటిదాకా కదలని ముఖం అప్పుడు కదిలింది. “ఈమెకు గూడా సెప్పలే. వంటమాస్టరుకు వాసన తెలీదంటే ఎవురు పిలుస్తారు?”

లక్ష్మీదేవి ఆయన భుజం పట్టుకుని, “యాల సెప్పలేదప్పా నాకు? గ్యాసు వాసన తెలీకనే ఆడ కూసున్నావా?” అంది. ఆయన ఆశ్చర్యంగా ఆమె వైపు చూశాడు. గ్యాసు వచ్చిందన్న సంగతే ఆయనకు తెలియదు. ఆమె ఏడుస్తూ నవ్వింది. నా సర్వీసులో ఒక జబ్బు బయటపడ్డందుకు ఇంటివాళ్లు అంత సంతోషించడం చాలా అరుదుగా చూశాను.

తిరుపతిలో ఎం.ఆర్.ఐ. తీయించాం. లక్ష్మీదేవి తమ్ముడు మునిరాజును కూడా రమ్మని కబురు చేశాను. అతను కుప్పంలో ఉంటాడు, బావ దగ్గరే పని నేర్చుకుని ఇప్పుడు సొంతంగా వంట కాంట్రాక్టులు చేస్తున్నాడు. ఫిల్మును లైటు బాక్సు మీద పెట్టి ముగ్గురికీ చూపించాను. మెదడు ముందుభాగం కళ్లగూళ్ల పైన గరుకు ఎముక మీద ఆనుకుని ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు ఆ ఎముకకు రాసుకుని అక్కడ కందిపోతుంది. వాసన నరాలు జల్లెడ లాంటి ఎముక చిల్లుల్లోంచి పైకి వెళతాయి. మెదడు ఒక్కసారి కదిలితే అవి అక్కడే తెగుతాయి. అందుకే వాసన పోయిన మనిషిలో ముందుభాగానికి గాయం ఉందేమోనని వెతకాలి. ఆ భాగమే పని మొదలుపెట్టించేది, వరస కుదిర్చేది, కోపాన్ని పట్టి ఉంచేది. అది దెబ్బతింటే మనిషికి శక్తి ఉన్నా లేచి పని ఎత్తుకోలేడు. చూసేవాళ్లకు అది సోమరితనంలా కనిపిస్తుంది.

మునిరాజు లేచొచ్చి, బావ మెదడు ముందుభాగంలో కనిపించే నల్లటి మచ్చలను దగ్గరగా చూశాడు. బయటికి వెళ్లాక బావ చెప్పులు తెచ్చి ఆయన ముందు పెట్టాడు. కానీ నేను వంట మాట ఎత్తేసరికి నాతో గట్టిగానే చెప్పాడు. “బావను నేను సాకుతాను మేడమ్. పొయ్యి కాడికి మాత్రం వద్దు. కాగే నూనె ఉంటాది, మంట ఉంటాది. ఏమన్నా అయితే?” అన్నాడు. నా భయమూ అదే. తలదెబ్బ తగిలిన వాళ్లకు తర్వాత ఎప్పుడైనా ఫిట్స్ రావచ్చు. అందుకని న్యూరాలజిస్టుకు చూపించి, ఈ.ఈ.జి. తీయించి, ఆయన సరేనన్నాకే పని శిక్షణ మొదలుపెట్టాను. నూనె బాణలి దగ్గర రమణప్ప నిలబడకూడదన్న షరతు ఒకటి పెట్టాను. ఆ షరతు ఎప్పటికీ ఎత్తేయలేదు.

మదనపల్లెలో మా విభాగం వెనక గదిలో మేరీ చిన్న వంటిల్లు ఏర్పాటు చేసుకుంది. మొదటిరోజు ఉప్మా చెయ్యమంది. వందల పెళ్లిళ్లకు వండిన మనిషి రవ్వ వేయించి, నీళ్లు పెట్టి, అక్కడితో ఆగిపోయాడు. నీళ్లు మరిగి ఇగిరిపోతున్నా నిలబడి చూస్తున్నాడు. రెండు పొయ్యిలు వెలిగిస్తే ఒకదాన్ని మరిచిపోయేవాడు. ఉప్పు వేశాడో లేదో గుర్తుండేది కాదు. ఒకరోజు మేరీ గుర్తుచేస్తే గరిటె గోడకేసి కొట్టాడు. తర్వాత సిగ్గుపడి రెండు రోజులు రాలేదు. లక్ష్మీదేవి మాట్లాడి బస్సెక్కించి తీసుకొచ్చింది.

మేరీ పద్ధతి సులువుగానే కనిపిస్తుంది, అమలు చేయడానికి ఓపిక కావాలి. వేయాల్సినవన్నీ వరసగా గిన్నెల్లో ఎడమవైపు పెట్టడం, వేసిన గిన్నెను కుడివైపు బోర్లించడం. ఉప్పు గిన్నె బోర్లించి ఉంటే ఉప్పు పడినట్టే. ఒక పొయ్యి బాగా అలవాటయ్యాకే రెండోది. ఇంట్లో పొద్దునా సాయంత్రం లవంగం, నిమ్మతొక్క, ఇంగువ వాసన చూసే అభ్యాసం కూడా ఇచ్చాం. తెగిన నరాలు కొందరిలో కొంతవరకు కోలుకుంటాయి, అందరిలో కాదు. ఆ మాట ఆయనకు దాచకుండా చెప్పాను. సైకాలజిస్టు కోపం వచ్చే ముందు ఒళ్లు ఎలా మారుతుందో గుర్తుపట్టడం, అప్పుడు అక్కడి నుంచి పక్కకు తప్పుకోవడం నేర్పారు.

శీతాకాలం వచ్చేసరికి రెండు పొయ్యిల మీద ఇరవై మందికి భోజనం సిద్ధం చేయగలిగాడు. మా ఆసుపత్రి సిబ్బంది సంతోషంగా తిన్నారు. వాసన మాత్రం రాలేదు. పోపు మాడే క్షణం, పప్పు అడుగంటే క్షణం ముక్కుకే ముందు తెలుస్తాయి. అక్కడ ఆయనకు ధైర్యం చాలడం లేదు. “గుడ్డోన్ని తెచ్చి బండి తోలమన్నట్టు ఉండాదమ్మా,” అన్నాడు నాతో.

అప్పుడు లక్ష్మీదేవి, “నా ముక్కు బాగానే ఉండాది కదప్పా,” అంది.

ఆ మాట అనుకున్నంత తేలిగ్గా నెగ్గలేదు. పెళ్లి వంట బృందాల్లో ఆడవాళ్లు కూరగాయలు తరుగుతారు, గిన్నెలు తోముతారు. మాస్టరు పక్కన నిలబడి పోపు సంగతి చెప్పడం అక్కడ అలవాటు లేదు. మునిరాజు ఒప్పుకోవడానికి సంక్రాంతి దాటింది. చివరికి కుప్పంలో ఒక సీమంతం వంట తన పేరు మీదే తీసుకుని, “ఒక్కతూరి సూస్తాం మేడమ్. తేడా వస్తే నేను అందుకుంటా,” అన్నాడు. ఆ రోజు మా క్యాంపు కూడా కుప్పంలోనే. క్యాంపు మొదలయ్యేలోగా చూసి వద్దామని మేరీ, నేను కల్యాణమండపం వెనక్కి వెళ్లాం. రోగి పనిచేసే చోట స్వయంగా చూడడం మా వృత్తిలో చికిత్సలో భాగమే.

మూడు కట్టెల పొయ్యిలు మండుతున్నాయి. ఒకదాని మీద సాంబారు, ఒకదాని మీద పాయసం, పెద్ద గుండిగలో అన్నం. వడలు వేయించే పని మునిరాజు మనుషులది. రమణప్ప గిన్నెలు ఎడమ నుంచి కుడికి మారుతున్నాయి. లక్ష్మీదేవి కొంగు బిగించుకుని పొయ్యి పొయ్యికీ తిరుగుతూ, “ఆవాలు అయినాయి... ఇప్పుడు ఇంగువ ఎయ్యి,” అని మెల్లగా చెబుతోంది.

ఉన్నట్టుండి ఆమె ఆగి, “అన్నం అడుగంటుతాండాది,” అంది.

మునిరాజు తెడ్డు అందుకోబోయాడు. నేను రమణప్పనే చూస్తున్నాను. అలాంటి చోట ఎవరో ఒకరు చెప్పేదాకా ఆయన నిలబడిపోవడం నెలల తరబడి ఎరుగుదుం.

“తెడ్డు పెట్టొద్దు రా!” అని అరిచాడు రమణప్ప. ఆ గొంతు మండపం ముందుదాకా వినిపించి ఉంటుంది. “కట్టెలు బైటికి లాగండి. అడుగు కదిలించొద్దు, పైనన్నం మటుకు తీసి గంపల్లో పొయ్యండి. మునీ, ఇంగో గుండిగకు ఎసరు పెట్టు. పాయసం దించు, ఆ పొయ్యి కావాల మనకు.”

ఎవరూ అడగకుండా, ఎవరూ గుర్తుచేయకుండా, మూడు పొయ్యిల పనీ ఒకేసారి తలలో పెట్టుకుని ఇచ్చిన ఆజ్ఞలవి. మేరీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మునిరాజు తెడ్డు కింద పెట్టి, “సరే బావా,” అని ఎసరు పెట్టడానికి వెళ్లాడు. లక్ష్మీదేవి గంపలోని అన్నం వాసన చూసి, బాగానే ఉందని తల ఊపింది. ఆ రోజు భోజనానికి ఆలస్యం కాలేదు.

నేను రిటైరయ్యే నాటికి రమణప్పకు వాసన తిరిగి రాలేదు. మధ్యాహ్నానికి అలసిపోతాడు కాబట్టి రోజుకు ఒక్క కార్యమే ఒప్పుకుంటాడు. కోపం పూర్తిగా పోలేదు, కానీ వచ్చినప్పుడు పెరట్లోకి వెళ్లి నిలబడి వస్తాడు. భార్యాభర్తలిద్దరినీ కలిపే పిలుస్తున్నారు. శాంతిపురం వైపు నుంచి కూడా కబుర్లు వస్తున్నాయని ఆఖరిసారి ఓపీకి వచ్చినప్పుడు లక్ష్మీదేవి చెప్పింది.

ఈ కేసు తర్వాత నా పరీక్ష వరస మారింది. తలదెబ్బతో వచ్చిన వాళ్లను తేదీ, వారం అడగడానికి ముందు ఏం పని చేసేవారని అడిగేదాన్ని. టైలరైతే సూదిలోకి దారం ఎక్కించగలడా అని, డ్రైవరైతే పక్కనుంచి వచ్చే బండి కనిపిస్తుందా అని, వ్యాపారి అయితే ఇద్దరు ఒకేసారి బేరమాడితే ఏమవుతుందని చూసేదాన్ని. గాయం ఎక్కడుందో స్కాన్ చెబుతుంది. దానివల్ల ఆ మనిషి ఏం కోల్పోయాడో ఆయన చేసే పనిలోనే తెలుస్తుంది. కోలుకోవాలన్నా, పోయినది తిరిగి వచ్చేదాకా ఆగాల్సిన అవసరం లేదు. పోయినదాని స్థానంలో ఇంకొకరి ముక్కో, చెయ్యో, జ్ఞాపకమో సరిగ్గా అమర్చగలిగితే చాలా పనులు మళ్లీ మొదలవుతాయి.