కుదువ దుకాణం మీద రాజమల్లు కన్ను

రాజమల్లు లెక్క ప్రకారం లోకంలో రెండు రకాల మనుషులే ఉంటారు: దొరికిన దొంగలు, ఇంకా దొరకని దొంగలు. సూరత్ పక్కన జోల్వాలో, మగ్గాల కార్ఖానాల వెనక తెలంగాణ పనివాళ్ల గదుల వరసలో ఆయనది మొదటి గది. ఎవరు ఏది పట్టుకొచ్చినా ఆ గుమ్మం ముందు నుంచే రావాలి, ఆయన ప్రశ్న వినే రావాలి.

“గిది నీదే అనడానికి రుజువేంది?”

కూరగాయలకు రుజువెక్కడి నుంచి తెస్తారు? పక్క గది వినోద ఒకసారి విసుగొచ్చి టమాటాల సంచీ ఆయన ముందే కుమ్మరించింది. రాజమల్లు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. “రెండు మెత్తగున్నయి బిడ్డా. నువ్వు కాదు, అమ్మినోడు దొంగ,” అని తేల్చి పంపాడు.

తన వస్తువులకు మాత్రం ఆయన రుజువు ముందే పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్లు మగ్గం మీద తెగిన పోగులు అతికిన చేతులవి. బకెట్ పిడికి, గొడుగు కర్రకు, చెప్పులకు, చివరికి చీపురుకు కూడా నీలం దారం చుట్టి ఒక ముడి వేసేవాడు. కోస్తే తెగాలి తప్ప ఆ ముడి విప్పడం ఎవరి తరమూ కాదు. వినోద మొగుడు లింగం కూడా మగ్గం పనివాడే. పందెం కాసి ఒక ఆదివారమంతా గోళ్లు అరగదీసుకుని ఓడిపోయాడు.

“నీలం దారం ఉన్నది ఇంకొకనిది కాదు. లేనిది నాది కాదు. బస్,” అనేవాడు రాజమల్లు.

ఆయన అనుమానాలన్నిటిలోకీ పెద్దది సందు మలుపులో గుజరాతీ శేఠ్ నడిపే కుదువ దుకాణం మీద.

“దొంగతనం చేసుడు అల్క. తెచ్చింది ఏడ దాసుడన్నదే తిప్పలు. గా తిప్పల లేకుంట చేసిండు శేఠ్. గీ దుకాణమే లేకుంటే సగం మంది దొంగలు గీపాటికి మగ్గం నేర్సుకుందురు.”

“మరి అక్కరున్నోళ్లు ఏడికి పోవాలె పెద్దబాపూ?” అంది వినోద.

“అక్కరున్నోని మీదనే నాకు ఎక్కువ అనుమానం.”

అంతలో కరోనా వచ్చింది. అందరూ మూతికి గుడ్డలు కట్టుకోవడం చూసి రాజమల్లుకు ఊపిరాడలేదు. “సర్కారే అందర్ని దొంగల లెక్క తయారు చేసింది. ఇగ నేనెవల్ని గుర్తువట్టాలె?” అని వాపోయాడు. తన మాస్కుకు కూడా నీలం దారం కట్టుకున్నాడు.

మగ్గాలు ఆగిపోయాయి. ఏప్రిల్ సగమయ్యేసరికి వినోద ఇంట్లో బియ్యం అడుగంటాయి. ఆమె దగ్గర మిగిలింది వెండి కడియాల జత ఒక్కటే. తల్లి లింగవ్వ పోయేముందు తన కాళ్ల నుంచి తీసి ఇచ్చినవి. తల్లి గుర్తు ఆమెకు అంతకు మించి లేదు. వాటిని కొంగులో చుట్టుకుని బయల్దేరితే రాజమల్లు వెనకాలే లేచాడు.

“నువ్వెందుకు?”

“నాకు నమ్మకం లేదు. నేనూ వస్త.”

దుకాణం షట్టర్ దించి ఉంది కానీ వెనక తలుపు తెరిచే ఉంది. శేఠ్ కడియాలు తూచబోతుంటే రాజమల్లు గొంతు సవరించుకున్నాడు. “ఈ పిల్ల మా పక్క గదిదే శేఠ్. అయినా గివి దొంగమాల్ కాదని నేను చెప్పలేను.”

వినోదకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం జేబులోంచి నీలం దారం తీసి, రెండు కడియాలనూ కలిపి చుట్టి, ముడి వేసి, శేఠ్ ముందు పెట్టాడు. “రేపు పోలీసులొస్తే నేను గుర్తువట్టాలె. ముడి తెగిందా, జిమ్మేదారి నీదే.”

శేఠ్ మూడు నెలలు గడువిచ్చాడు. దారంతా వినోద ఏడుస్తూనే నడిచింది. “మా అమ్మ కడియాలకు నేను దొంగనైతినా?” అంది ఇంటికొచ్చాక. అదే వరసలోని కనకవ్వ వెండి గొలుసు, పరుశురాం గడియారం కుదువ పెట్టినప్పుడూ ఇదే భాగోతం నడిచిందని తర్వాత తెలిసింది. వరస మొత్తం ఆయనతో మాటలు మానేసింది.

మే నెలలో రైళ్లు వేస్తే అందరూ ఊళ్లకు బయల్దేరారు. లింగం మనసొప్పక, “నువ్వూ రారాదు?” అని అడిగాడు.

“నేనొస్తే గదులకు కావలి ఎవలుంటరు? మీరు ఊళ్లకే పోతున్నరనడానికి రుజువేంది?”

వినోద, లింగం తిరిగొచ్చేసరికి డిసెంబరు. గడువు ఎప్పుడో దాటింది. గడువు దాటిన వెండిని కరిగించేస్తారని ఆమెకు తెలుసు. అయినా లింగం కార్ఖానాలో తెచ్చిన అడ్వాన్సు పట్టుకుని కుదువ దుకాణానికి వెళ్లింది.

ఆమెను చూడగానే శేఠ్ తల పట్టుకున్నాడు. ఇంతమంది తెలుగువాళ్లతో బేరాలాడి ఆయనకు వచ్చీరాని తెలుగు అబ్బింది. “మీ కేసు ఎప్పుడు ఖతం అయితది?”

“ఏం కేసు?”

“మీ బుడ్ఢా ప్రతి ఆదివారం వస్తడు. నీలం దారం ఉన్న మాల్ అంతా పోలీస్ తపాస్‌లో, విచారణలో ఉందంట. కరోనా తగ్గినంక వస్తరంట. అమ్మినా, కరిగించినా నేనూ లోపలికేనంట. ఒక్కొక్క ముడి చూసుకుని పోతడు. ఎనిమిది నెలలు అయ్యింది, ఒక్కటి ముట్టలేదు నేను.”

శేఠ్ పెట్టె తెరిచాడు. లోపల ఎటు చూసినా నీలం దారాలే. అందులో ఆమె కడియాలు ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి. కేసూ లేదు, గీసూ లేదు అని నాలుక చివరిదాకా వచ్చింది. పక్కనే కనకవ్వ గొలుసు, పరుశురాం గడియారం కనబడ్డాయి. వాళ్లింకా ఊళ్ల నుంచి రాలేదు.

“నడుస్తనే ఉంది శేఠ్,” అంది వినోద. “చాన పెద్ద కేసు. జర పైలం.”

అసలు, మిత్తీ కట్టి కడియాలు తెచ్చుకుంది. మొదటి గది ముందుకు రాగానే కేక వినబడింది.

“ఆగు. గవి నీవే అనడానికి రుజువేంది?”

ఎనిమిది నెలలు పెంచుకున్న కోపం ఎటుపోయిందో, వినోదకు నవ్వొచ్చింది. ముడి చూపించింది. రాజమల్లు కళ్లద్దాలు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“నీలం దారం ఉన్నది ఇంకొకనిది కాదంటివి గద పెద్దబాపూ. గట్లయితే మా అమ్మ కడియాలు నీవేనా?”

రాజమల్లు లేచాడు. కత్తెర తెచ్చి దారం కోసి, కడియాలు ఆమె చేతిలో పెట్టాడు. “తూకం సూసుకున్నవా? గా శేఠ్‌ని నమ్మలేం,” అని గొణుక్కుంటూ లోపలికి పోయాడు.

మర్నాడు పొద్దున నల్లా దగ్గర లింగం ఆగిపోయాడు. తమ బకెట్ పిడికి నీలం దారం, దానికో ముడి.

“ఏందే గిది? ముసలాయన మన బకెట్ గూడ తనదే అంటుండా?”

“అననీ,” అంది వినోద, బకెట్ నల్లా కింద పెడుతూ.