చేపముల్లు చన్‌సోమ్ మొక్కు

చన్‌సోమ్‌కి గోళ్ల నాట్యం నేర్పబోయిన పంతులమ్మ నెల తిరక్కుండానే చేతులెత్తేసింది. వేళ్లకి పొడుగాటి ఇత్తడి గోళ్లు తొడుక్కుని వరసలో ఉన్న ఆడపిల్లలందరూ కుడివైపు తిరిగితే ఈ పిల్ల ఒక్కతే ఎడమవైపు తిరిగేది. ఎందుకే అని అడిగితే, "అటు మా ఇంటి కప్పు కనిపిస్తుందండీ. యాంటెనా ఒరిగిందేమో చూస్తున్నా" అనేది. "అయితే పోయి ఆ కప్పు మీదే ఆడుకో" అని పంతులమ్మ గోళ్లు ఊడబెరికి పంపేసింది. ఏడుస్తూ ఇంటికి రావలసిన పిల్ల గంతులేసుకుంటూ వచ్చింది.

తండ్రి ఇన్‌తాకి రేడియోలు బాగుచేసే కొట్టు ఉండేది. చియాంగ్‌మైకి ఉత్తరాన కొండల్లో ఉన్న ఆ ఊళ్లో మొదటి టీవీ ఆ కొట్లోనే వెలిగింది. పొడుగాటి వెదురు గడ చివర అల్యూమినియం పుల్లలు కట్టి ఆయనే యాంటెనా తయారుచేశాడు. చూడ్డానికి తినేసిన చేప ముల్లులా ఉంటుంది కాబట్టి అందరూ దాన్ని చేపముల్లు అనేవాళ్లు. ఆదివారం మధ్యాహ్నం బాక్సింగ్ పోటీలు వస్తుంటే, కప్పెక్కి గడ తిప్పడం చన్‌సోమ్ పని. కింద జనం గొంతులు చించుకునేవాళ్లు.

"ఇంకొంచెం ఇటు!"

"అయ్యో, పోయింది! వెనక్కి తిప్పవే తల్లీ!"

"ఆ... ఆ... చాలు చాలు! ఇక కదిలావంటే ఊరుకోను!"

ఒక ఆదివారం ఆ పిల్ల ఓ సంగతి కనిపెట్టింది. తాను గడ పట్టుకుని నిలబడితే బొమ్మ తేటగా వస్తోంది, చెయ్యి తీస్తే మసకబారుతోంది. ఎందుకని తండ్రిని అడిగింది. "నీ చెయ్యి మంచిదమ్మా" అన్నాడాయన. వినడానికి బాగానే ఉంది గానీ, ఆ జవాబు చన్‌సోమ్‌కి చాల్లేదు. ఆ చాలకపోవడమే ఆమెని బ్యాంకాక్ దాకా లాక్కెళ్లి భౌతికశాస్త్రంలో పడేసింది. అక్కణ్ణించి జపాన్ దాకా తోసింది.

జపాన్‌లో ఆమె మొదటిసారి ఆకాశాన్ని విన్నది. విన్నదంటే చెవితో కాదు. నక్షత్రాల మధ్య పల్చగా పరుచుకున్న హైడ్రోజన్ పంపే సన్నటి సంకేతాన్ని ఒక యంత్రం అందుకుంటే, తెర మీద గీత మధ్యలో చిన్న గుట్టలా పైకి లేచింది. చన్‌సోమ్ ఆ గుట్టని చూసి పకపకా నవ్విందట. పక్కనున్న జపాన్ వాళ్లు కంగారుపడ్డారు. తనకి గుర్తొచ్చింది కింద జనం వేసిన కేక, "ఆ, చాలు చాలు!" అని. ఈ గుట్టని మా కొండల్లోంచి, నా చేత్తో చేసిన యాంటెనాతో చూడాలని ఆమె ఆ రోజే అనుకుంది.

అనుకోవడానికేం, అనుకుంది. తిరిగొచ్చి చూస్తే దేశంలో రేడియో దూరదర్శిని అన్న మాటే లేదు. చన్‌సోమ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, ఎవరికి ఏ యాంటెనా కావాలంటే అది చేసిపెట్టింది. సముద్రం మీదికెళ్లే చేపల పడవలకి చేసింది. కొండ మీది ఊళ్ల ఆసుపత్రులకి చేసింది. ఓ బౌద్ధ గురువుగారు తన గుట్ట మీది ఆశ్రమానికి ఫుట్‌బాల్ పోటీలు రావడం లేదని మొహమాటపడుతూ చెబితే, ఆయనకీ చేసింది. పెళ్లి మాటెత్తిన వాళ్లకి "ముందు సిగ్నల్ రానివ్వండి" అని చెప్పేది. అలా చెబుతూనే జుట్టు నెరిసిపోయింది. నెరిసినందుకు ఆమెకేమీ బెంగ లేదు. నచ్చిన పని దొరికిన మనిషికి రోజులు ఎలా పోతాయో తెలీదు కదా!

ఇక పదవీ విరమణకి దగ్గరపడుతుండగా ప్రభుత్వం ఆ కొండల్లోనే పెద్ద రేడియో దూరదర్శిని కట్టింది. ఊరివాళ్లు దానికి ఆకాశం మూకుడని పేరు పెట్టేశారు. దాని సంచాలకుడు పకాన్ ఒకప్పుడు చన్‌సోమ్ శిష్యుడే. మంచివాడు, పనిమంతుడు, కాకపోతే భయస్తుడు. అతను వచ్చి టీచరమ్మ ముందు చేతులు జోడించాడు.

"మూకుడికి కొమ్ము మీరే చెయ్యాలి టీచరమ్మా."

మూకుడు అన్నం కలిపే చెయ్యి అయితే కొమ్ము నోరన్నమాట. అంత పెద్ద మూకుడు పోగుచేసినదంతా చివరికి ఆ వెడల్పు మూతి గొట్టంలోంచే లోపలికి పోవాలి. లోపలి గోడ నిండా వరసగా ఉంగరాల్లాంటి గాడులు ఉంటాయి. వాటి లోతు వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆకాశం బదులు నేల గోల వినిపిస్తుంది. చన్‌సోమ్ ఏడాదిపాటు ఆ కొమ్ము తప్ప మరో లోకం లేకుండా బతికింది. గీసింది, చెరిపింది, లేతు మిషన్ల వీధిలో ఇత్తడి పొట్టు మధ్య కూర్చుని చేయించింది. అది పైకెక్కి మూకుడు ముందు కూర్చున్న రోజున, పసిబిడ్డని బడికి పంపిన తల్లిలా కిందే నిలబడి మెడ నొప్పెట్టేదాకా చూసింది.

అదే రోజు గోల మొదలైంది.

తెర మీద గుట్ట లేవాల్సిన చోట ముళ్లపొద లేచింది. అదీ ఊరికే ఉండదు, పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. కొమ్ము దించి గదిలో పరీక్షిస్తే కడిగిన ముత్యంలా ఉంది. పైకెక్కిస్తే మళ్లీ ముళ్లపొద. వింటున్న ప్రతివాడి వేలూ కొమ్ము వైపే తిరిగింది. తిరగదూ మరి, అది రాకముందు పెట్టిన పరీక్ష కొమ్ముతో గోల లేదు, ఇది రాగానే వచ్చింది. నెలాఖరుకి బ్యాంకాక్ నుంచి కమిటీ వస్తోంది. అప్పటికీ ఇలాగే ఉంటే చన్‌సోమ్ కొమ్ము తీసేసి విదేశాల నుంచి ఒకటి కొనాలని నిర్ణయమైపోయింది. పకాన్ ఆ మాట చెప్పలేక చెప్పలేక చెప్పాడు.

"నాకు మాత్రం ఇష్టమా టీచరమ్మా! ఏం చెయ్యమంటారు చెప్పండి."

"ఏడవకు. ఏడిస్తే యంత్రాల మీద తడి పడుతుంది" అందామె. కానీ ఆ రోజు జిగటన్నం ముద్ద పళ్లెంలోనే వదిలేసింది. వయసు మళ్లింది, ఇంకో కొమ్ము చేసే అవకాశం ఇక రాదు. తన చేతిలోనే లోపముందేమో అన్న అనుమానం మొదటిసారి పుట్టింది. అదే ఆమెని ఎక్కువ బాధపెట్టింది.

వంటశాల కమ్మూనక్క అది చూడనే చూసింది. ఆ స్థలం కాపలా, వంట, పెత్తనం అన్నీ ఆవిడవే.

"ఏం చెల్లీ, పచ్చిమిర్చి పచ్చడి బాగాలేదా? అదైనా బాగానే ఉందని చెప్పు. మీ మూకుడు కోసం నేను చెయ్యని త్యాగం లేదు. ఫోన్లు ఇనప పెట్టెలో పెట్టమన్నారు, పెట్టాం. పెట్రోలు బళ్లు రానివ్వద్దన్నారు, మానేశాం. చిటికెలో వేడిచేసే పెట్టె ఎత్తుకుపోయారు, బొగ్గుల మీద వండుతున్నా. ఇంకేం మిగిలింది, ఆకాశానికి వినిపిస్తుందని తుమ్మడం మానమంటారా?"

"తుమ్మక్కా, తుమ్ము. నువ్వు కాదులే" అని చన్‌సోమ్ నవ్వక తప్పలేదు.

మర్నాడు పెద్ద గాలివాన వచ్చి, ఏదో చెట్టు విరిగి ఊరి కరెంటు తీగల మీద పడింది. మూకుడికి మాత్రం జనరేటరుంది కాబట్టి అది నడుస్తూనే ఉంది. చన్‌సోమ్ ఊరికే తెర వైపు చూసి, కుర్చీలోంచి దిగ్గున లేచింది. ముళ్లపొద లేదు! గీత చదునుగా, మర్యాదగా ఉంది. సాయంత్రం ఊరికి కరెంటు వచ్చింది, దాంతోపాటే ముళ్లపొదా వచ్చింది.

"ఒరే పకాన్! గోల కొమ్ములో లేదురా! ఊరి కరెంటుతో నడిచేదేదో చేస్తోంది, ఇంత గట్టిగా వినిపిస్తోందంటే అది మన ఆవరణలోనే ఉంది!" అని ఆమె వేసిన కేకకి వంటశాలలో గిన్నె జారిపడింది.

పొద్దున్నే ఇంటికెళ్లి తండ్రి నాటి అటక మీంచి చేపముల్లు దింపింది. పుల్లలు ఈ పనికి తగ్గట్టు పొట్టిగా కత్తిరించి, పాత వెదురు గడకే కట్టింది. సంకేతాన్ని కొలిచే యంత్రం తెర ఎండకి కనిపించడం లేదని పకాన్ ఆ పెట్టెని మెళ్లో వేసుకుని, నెత్తిన కోటు కప్పుకుని చూస్తూ అరుస్తున్నాడు. గడ తిప్పేది చన్‌సోమ్.

"ఇటు తిప్పండి... పోయింది. వెనక్కి, వెనక్కి!"

"సరిగ్గా చెప్పరా, ముందుకా వెనక్కా?"

వంటశాల వైపు తిప్పేసరికి కమ్మూనక్క గరిటె పుచ్చుకుని గుమ్మంలోకొచ్చింది. "నా అన్నం కుక్కరు మీదకి ఆ చేపముల్లు ఎక్కుపెడితే మధ్యాహ్నం ఆ ముల్లే తినాలి, చెబుతున్నా!" అంది. కుక్కరు నిర్దోషి అని తేలింది. గేటు దగ్గర దీపం నిర్దోషే. చన్‌సోమ్ గడని నెమ్మదిగా ఎడమవైపు తిప్పింది.

"వచ్చింది! ఇంకొంచెం! ఆ... చాలు చాలు! కదలకండి!" అని అరిచి పకాన్ కోటులోంచి తల బయటపెట్టాడు. పెట్టి, గడ ఎటు చూపిస్తోందో చూసి, గబుక్కున రెండు చేతులూ జోడించాడు.

గడ తాతగారి వైపు చూపిస్తోంది. ఒంటి స్తంభం మీద బుల్లి గుడిలో ఉండే ఆ తాతగారు ఆ నేలని కాచే దేవుడు, దానికి అసలు యజమాని. మూకుడికి పునాది తవ్వకముందే ఆయన అనుమతి అడిగి, ఆయనకి గుడి కట్టి, ఆ తర్వాతే గునపం వేశారు. యంత్రాలన్నీ వెతికారు గానీ తాతగారిని ఎవరు సోదా చేస్తారు! ఆయన గుడి చూరుకి రంగురంగుల దీపాల దండ ఆరుతూ వెలుగుతూ, వెలుగుతూ ఆరుతూ మహా సంబరంగా ఉంది.

"ఇదెవరు పెట్టారు?" అంది చన్‌సోమ్.

కమ్మూనక్క గరిటె దించేసింది. "నేనే. నీ కొమ్ము పైకెక్కిన రోజున పెట్టాను. అది బాగా పనిచెయ్యాలని తాతగారికి చెప్పుకుని... నీ కోసమే చెల్లీ!"

చన్‌సోమ్ గడకి చేరబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. తన కోసం ఒక మనిషి దొంగచాటుగా దేవుడికి దీపాలు పెట్టుకుందంటే ఎవరికైనా కళ్లు తడుస్తాయి. తన చేతిలో లోపం లేదన్న సంతోషం ఒకపక్కా, ఈ పిచ్చి ప్రేమ ఒకపక్కా. ఆమె కమ్మూనక్కని గరిటెతో సహా కౌగలించుకుంది.

"సరే, ప్లగ్గు పీకేద్దామా?" అన్నాడు పకాన్.

ఇద్దరు ఆడవాళ్లూ ఒకేసారి అతని వైపు చూశారు. "తాతగారికిచ్చింది అడక్కుండా లాక్కుంటావురా? ఇంతా చదువుకున్నావు" అంది కమ్మూనక్క.

చన్‌సోమ్ మోకాళ్ల మీద కూర్చుని అగరొత్తులు వెలిగించింది. అవి చివరిదాకా కాలితే ఆయన ఒప్పుకున్నట్టు, మధ్యలో ఆరితే లేదన్నట్టు. "తాతగారూ, మీ దీపాల గోలలో మీ నెత్తిమీది ఆకాశమే మాకు వినపడ్డం లేదు. నూనె దీపం పెడతాం, అనుమతివ్వండి" అంది.

"అంతేనా? చేతిలో పెట్టింది తీసుకుంటూ నూనె దీపంతో సరిపెడతావా? ఇంకేదైనా మొక్కు" అంది వెనక నుంచి కమ్మూనక్క.

"పంది తలకాయ పెట్టనా?"

"అది ప్రతివాళ్లూ పెడతారు. గోళ్ల నాట్యం మొక్కు. నువ్వే ఆడాలి."

"అక్కా! నాకు రాదని ఊరంతటికీ తెలుసు కదా!"

"తాతగారికి తెలీదుగా."

కమిటీ ముందు కొమ్ము నెగ్గితే ఆడతానని చన్‌సోమ్ పళ్లు బిగించి మొక్కుకుంది. ఇంతలో గాలి లేచింది. పకాన్ మెల్లగా జరిగి అగరొత్తులకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏరా, దొంగాటా? తాతగారు చూస్తున్నారు."

"ఎండగా ఉంది టీచరమ్మా, మీకు నీడ ఇస్తున్నా" అన్నాడా భయస్తుడు. అవి బూడిదయ్యేదాకా అక్కణ్ణించి కదల్లేదు.

కమిటీ వచ్చిన రోజున తెర మీద గీత చదునుగా సాగి సాగి, మధ్యలో నున్నగా, గుండ్రంగా గుట్ట లేచింది. ముల్లన్నది లేదు. జపాన్‌లో చూసిన గుట్టే, కానీ ఇది తన కొండల మీంచి, తన కొమ్ములోంచి వచ్చింది. చన్‌సోమ్ ఈసారి నవ్వలేదు. పకాన్ భుజం మాత్రం గట్టిగా పట్టుకుంది. కమిటీ పెద్దావిడ కళ్లద్దాలు సవరించుకుని, "మొన్నటి నివేదికకీ దీనికీ పొంతన లేదు. ఏం మార్చారు?" అంది.

"దీపాలు తీశామండీ" అన్నాడు పకాన్.

"ఏ దీపాలు?"

"తాతగారివి."

పెద్దావిడ నవ్వలేదు. "అడిగే తీశారా?" అంది.

"అడిగే తీశామండీ."

"అయితే సరే. కొమ్ము ఉంచండి" అని సంతకం పెట్టేసింది.

ఇక మొక్కు మిగిలింది. ఆ ఆదివారం ఊరంతా మూకుడు దగ్గరికి తరలివచ్చింది. ఫోన్లు ఇనప పెట్టెలో పడ్డాయి. కమ్మూనక్క వేయించిన పంది తొక్కలు గంపలతో మోయించింది. పొడుగు డోలు, గంటలు, తాళాలు వచ్చాయి. అన్నిటికంటే ముందు పంతులమ్మ వచ్చింది. పండుముసలిదైపోయింది, కుర్చీలో మోసుకొచ్చారు, నోరు మాత్రం అలాగే ఉంది. చన్‌సోమ్ వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుంది.

"తే చేతులు. ఊడబెరికినదాన్ని నేనేగా, నేనే తొడుగుతా" అని పంతులమ్మ వణికే వేళ్లతో ఒక్కో ఇత్తడి గోరూ తొడిగింది.

డోలు మోగింది. చన్‌సోమ్ పట్టుబట్ట కట్టుకుని వరస మధ్యలో నిలబడి, తాతగారికి దణ్ణం పెట్టి, చేతులు విప్పింది. నాలుగడుగులు బాగానే పడ్డాయి. తిరగాల్సిన చోటు రాగానే ఆడవాళ్లందరూ కుడివైపు తిరిగారు, ఆమె ఎడమవైపు తిరిగింది. అంతే, జనం ఊరుకుంటారా!

"ఇటు, టీచరమ్మా, ఇటు!"

"పోయింది పోయింది, వెనక్కి తిప్పండి!"

"ఇంకొంచెం... అబ్బే, అటు కాదు!"

చన్‌సోమ్ నవ్వుతూనే ఉంది గానీ తిరగలేదు. ఎడమవైపున మూకుడు ఎండలో మెరుస్తోంది. దాని మధ్యలో తన కొమ్ము వంకర లేకుండా కూర్చుందా అని ఆమె కళ్లు చిట్లించి చూస్తోంది.

పంతులమ్మ కుర్చీలోంచి చెయ్యెత్తింది. డోలు ఆగింది. ఇక తిట్లు మొదలవుతాయని అందరూ అనుకున్నారు.

"ఎందుకర్రా దాని మీద పడి అరుస్తారు? అది అటే తిరుగుతుంది. చిన్నప్పుడూ అటే తిరిగింది. నాకే తెలిసిరాలేదు" అంది ఆ ముసలావిడ. తర్వాత వరస వైపు చూసి పాత గొంతుతో గదమాయించింది. "మీరేం చూస్తున్నారు? మీరూ ఎడమకే తిరగండి!"

డోలు మళ్లీ మోగింది, వరస మొత్తం ఎడమకి తిరిగింది.