మూడుసార్లు చదవాల్సిన వాక్యం

రెండువేల దశకం మొదట్లో, కంప్యూటరు కంపెనీలుండే ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్లే బస్సులో నా పక్కన ఒక చైనా యువకుడు కూర్చున్నాడు. చేతిలోని పుస్తకంలో ఒక పక్క చైనా అక్షరాలు, ఒక పక్క ఇంగ్లిషు. ఒక్కో ఇంగ్లిషు వాక్యం చూసుకుని, తలెత్తి ముందుకు చూస్తూ మూడేసిసార్లు అరిచినట్టు అప్పజెప్పుకుంటున్నాడు.

ముందు సీట్లోని మేస్త్రీ గిరుక్కున తిరిగాడు.

"ఏమప్పా, ఎవరి మీద అరుస్తాండావు? నన్నేనా తిడతాండేది?" అంటూ లేచి ఆ యువకుడి కాలరు పట్టుకున్నాడు. యువకుడి మొహం పాలిపోయింది.

నేను తెలుగు మీడియందాన్ని. నలుగురిలో ఇంగ్లిషు మాట్లాడాలంటే నాకు సిగ్గు. అయినా పుస్తకం లాక్కున్నాను.

"తిట్లు కాదన్నా, పాఠం. విను." మెల్లగా పైకి చదివాను. "టుడే ఈజ్ మై ఫస్ట్ డే ఎట్ వర్క్. పనిలో ఈరోజే నా మొదటిరోజు అని."

మేస్త్రీ చెయ్యి వదిలాడు. "అట్లనా! చదువుకోనీలేమ్మా," అని నలిగిన కాలరు తానే సర్దాడు.

పుస్తకం తిరిగివ్వబోయాను. యువకుడు తీసుకోలేదు. నా వైపు రెండు వేళ్లు చూపించాడు. ఇంకా రెండుసార్లు మిగిలాయట.

చదివాను. మూడోసారి నా మాట డ్రైవరు దాకా వినిపించింది.